వార్తలు చదివే మనవరాలికి

తల్లీ, నువ్వు వార్తలు చదవడం మొదలుపెట్టాక మన ఇంట్లో రాత్రి బులెటిన్ ఎవరమూ వదలడం లేదు. మీ నానమ్మ నీ చీర చూస్తుంది, నేను నీ పలుకు వింటాను. గొంతు బాగుంది. తొందర లేదు. వాక్యం ఎక్కడ విరవాలో నీకు తెలుసు. ఇంత ఉన్నదానివి కాబట్టే ఇంకో నాలుగు మాటలు చెప్పాలనిపించింది. ఇవి నీ ఒక్కదానివే కావు, చదువుకున్నవాళ్ళ నోళ్ళలో రోజూ దొర్లుతున్న తప్పులే. అయితే వాళ్ళు తప్పు పలికితే ఎదురుగా ఉన్న ఒక్కరు వింటారు. నువ్వు పలికింది చిన్నపిల్లలు కూడా విని, అదే ఒప్పనుకుంటారు.

ముందు వత్తుల సంగతి. ఒకప్పుడు వత్తు పలకకపోవడం తప్పుగా ఉండేది. ఇప్పుడు లేనిచోట పెట్టడం ఎక్కువైంది. మాటలో ఎక్కడో ఒక వత్తు ఉందని గుర్తుంటుంది, ఏ అక్షరానికో గుర్తుండదు, దాంతో ముందు కనబడ్డ అక్షరానికి తగిలించేస్తారు. సందర్భం ‘సంధర్బం’ అవుతుంది, అద్భుతం ‘అధ్బుతం’ అవుతుంది, బాధ ‘భాద’ అవుతుంది. బోధన, బీభత్సం కూడా ఇలాగే పాడవుతున్నాయి. ఈ అయిదింటినీ ఒకచోట రాసుకుని చూడు. అన్నింటిలోనూ ముందు వచ్చే ద, బ తేలిక, తర్వాత వచ్చే ధ, భ బరువు. ఒక్కసారి ఈ వరస నోటికి పడితే ఇక జన్మలో తప్పు రాదు.

ఇక అసలు వత్తే లేని మాటలున్నాయి. దీటు, నిదానం, హార్దికం, నిర్దోషి. పండగొస్తే ఊరినిండా ఫ్లెక్సీల మీద ‘హార్ధిక శుభాకాంక్షలు’ కనిపిస్తాయి. హృదయంలోంచి వచ్చింది హార్దికం, హృదయంలో లేని వత్తు అందులోకి ఎక్కడినుంచి వస్తుంది? కచ్చితం కూడా అంతే. గట్టిగా చెప్పాలన్న ఊపులో ‘ఖచ్చితంగా’ అంటారు. నిఘంటువులో ఉన్నది కచ్చితం. ఖచితం వేరే మాట. రత్నఖచితమంటే రత్నాలు పొదిగినది. ఆఖరికి ఉచ్చారణ అన్న మాటనే ‘ఉచ్ఛారణ’ అంటున్నారు, వేదికల మీద పెద్దలు కూడా.

ఒక చిన్న ఆధారం చెబుతాను. అచ్చతెలుగు మాటల్లో వత్తక్షరాలు దాదాపు ఉండవు, యాభై, ఎనభై, తొంభై లాంటి అంకెల్లో తప్ప. అవి ఎక్కువగా సంస్కృతం నుంచి, కొన్ని ఉర్దూ, హిందీల నుంచి మనకు వచ్చాయి. కాబట్టి దీటు, గట్టు, దిట్ట లాంటి మన ఇంటి మాటల్లో వత్తు పలకబోయే ముందు ఒక్క క్షణం ఆగు. అనుమానం తీరకపోతే నిఘంటువు తియ్యి. బహుజనపల్లి సీతారామాచార్యులుగారి శబ్దరత్నాకరం 1885లో వచ్చింది, ఇప్పటికీ నా బల్లమీద అదే ఉంటుంది. నీకూ ఒక ప్రతి పంపుతాను.

వత్తు పలుకుతున్నావో లేదో తెలియాలంటే అరచెయ్యి నోటికి దగ్గరగా పెట్టుకుని ‘క, ఖ’ అను, ‘ప, ఫ’ అను. రెండోదానికి ఊపిరి చేతికి వెచ్చగా తగలాలి. గ, ఘలకూ ద, ధలకూ బ, భలకూ తేడా అంత తేలిగ్గా చేతికి తెలియదు, చెవిపెట్టి వినాలి. అలాగని బులెటిన్‌లో ప్రతి భకారానికీ ఊపిరంతా వదలకు. ‘భారత ప్రభుత్వం’ అన్నప్పుడు రెండు భలూ వినిపిస్తే చాలు, మైకు అదరనక్కర్లేదు.

థ, ధల తేడా మాత్రం మన నాలుకకు మొదటినుంచీ కష్టమే. కథను ‘కధ’ అనీ రథాన్ని ‘రధం’ అనీ అనేవాళ్ళే ఎక్కువ. నువ్వు కనీసం అర్థం, అర్ధం దగ్గర జాగ్రత్తపడు. మొదటిది భావం, ధనం. రెండోది సగం. అర్థించడమంటే కోరడం. విద్య కోరేవాడు విద్యార్థి, ఓటు కోరి వచ్చినవాడు అభ్యర్థి. ఆర్థిక మంత్రి, ప్రార్థన ఈ వరసలోవే. అర్ధరాత్రి, అర్ధచంద్రుడు సగం వరసలోవి. మద్యం, మధ్యం కూడా ఇలాంటి జంటే. 1995లో ఆంధ్రప్రదేశ్‌లో అమలైంది మద్యపాన నిషేధం. దూబగుంట ఆడవాళ్ళు సారాకు ఎదురుతిరిగి సాధించుకున్నదాన్ని ‘మధ్యపాన నిషేధం’ అని చదివితే మాట చెడుతుంది, వాళ్ళ కష్టమూ చిన్నదవుతుంది.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా పట్టింపు ఉన్న విషయం: ఊళ్ళ పేర్లు. ఏజెన్సీ వార్తలు ఇంగ్లీషులో వస్తాయి. ఆ లిపిలో దకూ డకూ ఒకటే అక్షరం, ఎకూ ఏకూ ఒకటే, లకూ ళకూ ఒకటే. అది చూసి చదివితే ఆదోని ‘అడోని’ అయిపోతుంది, మెదక్ ‘మెడక్’ అవుతుంది, కోదాడ ‘కోడాడ్’ అవుతుంది. ఏలూరులో దీర్ఘం ఎగిరిపోతుంది, పల్నాడుకు లేని దీర్ఘం వచ్చిపడుతుంది. కదిరిలో ఉన్నది ద, కడపలో ఉన్నది డ. రెండూ రాయలసీమ ఊళ్ళే, ఇంగ్లీషులో రెండింటికీ అదే అక్షరం. కడపకు తెల్లవాళ్ళు పెట్టిన పాత స్పెల్లింగును 2005లో ప్రభుత్వం మార్చింది, జనం నోట పలికేదానికి దగ్గరగా. అంటే ఊరివాళ్ళ పలుకుకు అంత విలువుందని ప్రభుత్వమే ఒప్పుకుంది. వరదొచ్చిన ఊరి పేరు తప్పు పలికితే, ఆ ఊళ్ళో టీవీ ముందు కూర్చున్నవాళ్ళకు తమ గోడు ఎవరికీ పట్టలేదనిపిస్తుంది. తెలియని ఊరు వస్తే ఆ జిల్లా రిపోర్టర్‌కు ఫోన్ చెయ్యి. ఒక్క నిమిషం పని. స్క్రిప్ట్‌లో ఆ పేరు నీ చేత్తో తెలుగులో రాసుకుని, దీర్ఘం కింద గీత పెట్టుకో.

ళ, ణ పలకడం కష్టమేమీ కాదు, నాలుక కొనను వెనక్కి మడిచి అంగిట్లో తాకించాలి, అంతే. తొందరలో ఆ మడత పడదు, అందుకే కళ్ళు ‘కల్లు’ అవుతాయి, పెళ్ళి ‘పెల్లి’ అవుతుంది, అణువు కాస్తా అనువైపోతుంది. దీనికి జనగణన అన్న మాటే మంచి సాధన. న దగ్గర నాలుక పళ్ళకు తగులుతుంది, ణ దగ్గర వెనక్కి వెళుతుంది, మళ్ళీ న దగ్గర ముందుకు వస్తుంది. మెల్లగా మొదలుపెట్టి వేగం పెంచుకుంటూ అను. శ, షలకు విశేషం అన్న మాట పట్టుకో. శకు నాలుక మధ్యభాగం అంగిలి దగ్గరికి లేస్తుంది, షకు కొన మడతపడుతుంది. శను సగా పలికి, విమాన ప్రమాదం వార్తలో ‘సకలాలు దొరికాయి’ అంటే అర్థమే లేదు, దొరికినవి శకలాలు. మధ్యాహ్నం, చిహ్నం లాంటి మాటల్లో మనవాళ్ళ నోట న ముందు వచ్చి హ తర్వాత వినిపిస్తుంది. దానికి బెంగపడకు. హకారాన్ని పూర్తిగా మింగేసి ‘మద్యానం’ అనకుండా ఉంటే చాలు.

చదువు, చాప, జామ, జోల. వీటిలోని చ, జలు పళ్ళ దగ్గర పుడతాయి. చేప, చెట్టు, జీతంలోవి అంగిట్లో పుడతాయి. 1858 నాటి బాలవ్యాకరణంలో చిన్నయసూరి ఈ తేడా చెప్పాడు: తెలుగు మాటల్లో ఇ, ఎలతో కలిస్తే ఒక రకం, అ, ఉ, ఒలతో కలిస్తే ఇంకో రకం. సంస్కృతం నుంచి వచ్చిన చరిత్ర, చంద్రుడు, జనం అంగిట్లోనే పలుకుతాయి. తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసుకునే మీ ఈడు పిల్లలు ‘చాలా బాగుంది’లోని చను చేపలోని చలాగే పలుకుతుంటే నాకు నిజంగా దిగులేస్తుంది. ఆ తేడా రాతలో కనబడదు, నోటినుంచి నోటికే అందాలి. నీ నోట అది ఇంకా ఉంది. దాన్ని పోనివ్వకు.

సినిమాల్లోకి రాకముందు జగ్గయ్యగారు ఢిల్లీ ఆకాశవాణిలో తెలుగు వార్తలు చదివారు. హైదరాబాద్ దూరదర్శన్‌లో 1983లో తొలి తెలుగు వార్తలు చదివినది శాంతిస్వరూప్‌గారు. వాళ్ళ రికార్డింగులు దొరికితే విను. స్వరం అనుకరించడానికి కాదు, మాట చివరి అక్షరాన్ని ఎలా తినెయ్యకుండా వదిలారో గమనించడానికి.

ఇంతా చెప్పాక ఒక్కటి మాత్రం కలగాపులగం చేసుకోకు. యాస తప్పు కాదు. తెలంగాణలోనూ సీమలోనూ కండ్లు, పెండ్లి అంటారు, అవి పాత రూపాలే. కోస్తావాళ్ళ నోట కళ్ళు జారి ‘కల్లు’ అయ్యే ప్రమాదం కండ్లు అనేవాళ్ళకు అసలు లేనే లేదు. నేనిప్పటిదాకా చెప్పినదంతా నీ నోటికే, నీ ఎదురుగా కూర్చున్నవాళ్ళ నోటికి కాదు. స్టూడియోకు వచ్చిన రైతు ‘సేను ఎండిపోయిందమ్మా’ అంటే, నువ్వు తిరిగి అడిగేటప్పుడు ‘చేను’ అని ఒత్తి పలికి ఆయన్ని చిన్నబుచ్చకు. ఎన్ని ఎకరాలు పెద్దాయనా, బోరు ఎంత లోతు వేశారు, కాలువ నీళ్ళు ఎప్పుడు ఆగాయి అని అడుగు, ఆయన చెప్పేది పూర్తిగా చెప్పనివ్వు.