మొరగని కుక్కలు

ధ్యాన వాక్యభాగము: యెషయా 56:9–12



పరిశుద్ధ గ్రంథములో కుక్కకు గౌరవమైన స్థానము అరుదు. మెఫీబోషెతు రాజు ఎదుట తన్నుతాను తగ్గించుకొనుటకు చచ్చిన కుక్కతో పోల్చుకొనెను (2 సమూ. 9:8). లాజరు కురుపులను నాకినవి వీధికుక్కలే (లూకా 16:21). అయినను మందను కాయు కుక్కల ప్రస్తావన యోబు 30:1లో ఉన్నది. యెషయా ప్రవక్త మనస్సులో ఉన్నవియు కాపలాకుక్కలే. అడవిమృగములు మందమీదికి వచ్చుచుండగా నోరు మెదపక పండుకొన్న కావలివారిని ఆయన గద్దించెను. వారికి మొరుగుట చేతకాదు, నిద్రయే ప్రియము, ఎంత తిన్నను ఆకలి తీరదు. ఇదియే ఆయన మోపిన నేరము.

ఈ మాటల భావము శామీర్‌పేట గుట్టలలో మాకు మరింత తేటపడినది. మన సంఘములోని ఒక గొర్రెలకాపరి వెంట, అతని మందతోను రెండు కుక్కలతోను, ఒక దినమంతయు నడిచితిమి. ఒకదానిమీద ఒకటి పేర్చినట్లుండు గుండ్లు, వాటి సందులలో సీతాఫలపు చెట్లు, తంగేడు పొదలు, దిగువను పెద్దచెరువు. ఈ దక్కను రాయి సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటిదని భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుదురు. అంత పురాతనమైన గుట్టల చుట్టు నేడు ప్లాట్ల హద్దురాళ్లు నాటబడినవి. ఒక దిక్కున కరీంనగరమునకు పోవు రాజీవ్ రహదారి, మరియొక దిక్కున అవుటర్ రింగురోడ్డు. మేతభూమి తగ్గినకొలది కాపరికి నడక పెరిగినది.

కుక్కలలో ఒకటి మందకు ముందర, రెండవది వెనుక నడిచెను. మధ్యాహ్నము కాపరి సద్దిమూట విప్పి, తాను తిను జొన్నరొట్టెలోనుండి వాటికిని తుంచి వేసెను. గొర్రెలు గుండ్ల నీడను తలలు వంచి నిలిచినను, కుక్కలు మాత్రము చెవులు నిక్కించుకొనియే యుండెను.

ప్రొద్దు వాలువేళ వెనుకటి కుక్క మొరగనారంభించెను. కాపరి అలసియుండెను. పిలిచెను, అది రాలేదు. గద్దించెను, మానలేదు. రాయి విసరగా నాలుగడుగులు తొలగి మరల మొరిగెను. తుదకు వెళ్లి చూడగా, రాయి కొట్టి విడిచిపెట్టిన లోతైన క్వారీ గుంట అంచున ఒక గొర్రెయు దాని పిల్లయు నిలిచియుండెను. అతడు పిల్లను భుజమున వేసికొని, “ఇది ఊకెనే మొరగదు, అయ్యగారూ. నేనే ఆలకించలే,” అనెను.

ప్రియులారా, దేవునియందు మనముంచు నమ్మికను తెలుగులో విశ్వాసమందుము. కుక్క యజమానునియెడల చూపుదానిని కూడ విశ్వాసమనియే అందుము. అన్నము పెట్టిన చేతిని ప్రతి కుక్కయు నాకును. ఆ చేయి రాయి విసరినప్పుడును దాని మంద కొరకు మొరుగుటయే విశ్వాసము.

మన గ్రామములలో గుంట ఏది? తాతలు దున్నిన భూమి అమ్ముడుపోయి సొమ్ము ఇంటికి వచ్చినది. మొదట మేడ కట్టిరి, తరువాత మోటారుసైకిలు కొనిరి, ఆ తరువాత ప్రతి సాయంకాలము సీసా. రేపును నేటివలెనే గడుచునను త్రాగుబోతుల ధీమాను యెషయా 12వ వచనములో ఎత్తిచూపెను. సొమ్ము తరిగినది, ఇల్లాలు కూలికి పోవుచున్నది, పిల్లవాని చదువు ఆగినది. ఆ ఇంటికి వెళ్లి చెప్పవలసినవారెవరు? “మందిరపు పైకప్పుకు వారు పెద్ద కానుక యిచ్చిరి, ఏమని చెప్పగలము?” అని వెనుకాడువారు కలరు. దొంగ కుక్కకు బొమిక వేయునది దాని ఆకలి తీర్చుటకు కాదు, దాని నోరు మూయుటకే. కానుక యిచ్చినవారు దొంగలని మా భావము కాదు. అయితే ఏ కానుక మన నోరు కట్టివేయునో, అది మనకు బొమిక యగును.

హెచ్చరిక ఎట్లు చేయవలెను? మొదటిది, ఆ కుక్క ఊరంతటికి చాటలేదు, తన కాపరిని పిలిచెను. పొరుగువాని తప్పును బోరింగు దగ్గర చెప్పుకొనుట హెచ్చరిక కాదు. ముందు ప్రభువుకు మొరపెట్టి, తరువాత అతనితో ఏకాంతముగా మాటలాడవలెను (మత్తయి 18:15). రెండవది, అది మొరిగెనే గాని గొర్రెను కరవలేదు. తప్పిపోయినవానిని సాత్వికముతో నిలువబెట్టుమని పౌలు గలతీయులకు బోధించెను (6:1). మూడవది, రాయి పడినను అది చోటు విడువలేదు. కావలివాడు అపాయమును చూచియు బూర ఊదనియెడల, నశించినవాని రక్తమునకు అతడే లెక్క చెప్పవలెనని యెహెజ్కేలు 33:6 వలన తెలిసికొనుచున్నాము.

హెచ్చరింపబడువారలారా, మీరును రాయి విసరకముందు ఒకసారి గుంటవైపు చూడుడి. మీ భార్య కన్నీరు, మీ తల్లి సణుగుడు, సంఘపెద్ద మాట మీకు విసుగు పుట్టించవచ్చును. అవి ఊరకనే రావు.

కనాను స్త్రీని జ్ఞాపకము చేసికొందము (మత్తయి 15:21–28). తన కుమార్తె కొరకు ఆమె కేకలువేయగా, శిష్యులు ఆమెను పంపివేయుమనిరి. కుక్కపిల్లల పోలిక విన్నను ఆమె నొచ్చుకొని తిరిగిపోలేదు. బల్లక్రింద పడు ముక్కలైనను చాలునని వేడుకొనెను. ఆమె విశ్వాసము గొప్పదని ప్రభువే మెచ్చుకొనెను, ఆమె కుమార్తె స్వస్థపడెను. మన పిల్లల కొరకు, మన పొరుగువారి కొరకు మనమును అట్లు మొరపెట్టుదమా?

రాబోవు ప్రభురాత్రి భోజన ఆరాధనకు ముందుగా ప్రతి సంఘపెద్దయు అట్టి ఇల్లు ఒక్కటైనను దర్శించవలెనని ప్రేమతో కోరుచున్నాము. ఒంటరిగా వెళ్లుటకు వెరచువారు మాకు కబురు పంపుడి, వెంట వచ్చెదము. మంద కొరకు ప్రాణము పెట్టిన మంచి కాపరి మన నోళ్లను తెరచి, మన మాటలను మృదువుగా చేసి, వినువారి హృదయములను సిద్ధపరచును గాక. ఆమేన్.