కార్డు రాని ఏడాది

తెనాలి దగ్గరి సంగం జాగర్లమూడి మాగాణి ఊరు. గోల్ఫ్ ఇక్కడి ఆట కాదు. అయినా, గెలుపు దక్కని ఏడాది వృథాయేనా అన్న ప్రశ్న ఇక్కడి కౌలురైతుకూ, పోటీ పరీక్షలు రాసే పిల్లలకూ కొత్తది కాదు. ఆ ప్రశ్న గోల్ఫ్‌లోని కింది మెట్టు మీద మరీ స్పష్టంగా కనబడుతుంది కాబట్టి, అక్కడే పరిశీలిద్దాం.

అమెరికాలో పీజీఏ టూర్‌కు కింది మెట్టుగా 1990లో మొదలైన పోటీల వరసను ఇప్పుడు కార్న్ ఫెర్రీ టూర్ అంటున్నారు. నాలుగు రోజుల పోటీలో రెండు రోజులు గడిచేసరికి వెనకబడినవాళ్లు ‘కట్’ దగ్గర ఆగిపోతారు. వాళ్లకు ప్రైజ్ మనీ రాదు. ప్రయాణం, బస, క్లబ్బుల సంచి మోసే క్యాడీ జీతం మాత్రం తప్పవు. ఏడాది చివర కొద్దిమందికే పై టూర్‌లో ఆడే అర్హత, అంటే ‘కార్డు’, దక్కుతుంది. హైదరాబాద్ నుంచి వెళ్లిన తెలుగువారి కొడుకు, కాలిఫోర్నియాలో పుట్టిన సాహిత్ తీగల 2020లో ప్రొఫెషనల్ అయ్యాడు. 2021లో ఈ టూర్ ఫైనల్స్ ద్వారా కార్డు సంపాదించాడు. 2023లో ఫార్టినెట్ చాంపియన్‌షిప్ గెలిచాడు.

కార్డు వచ్చింది కనుక అతని 2021 సార్థకమైందని మనం తేలిగ్గా అనేస్తాం. అలాగైతే, అంతే కష్టపడి ఒక్క షాట్ తేడాతో ఆగిపోయినవాడి శ్రమ వ్యర్థమా? గాలి మళ్లినందుకు అతన్ని తప్పుపట్టగలమా? ఫలితాన్నే కొలమానం చేసుకుంటే బతుకు మంచిచెడ్డలను అదృష్టానికి అప్పగించినట్టే. పోనీ, ప్రయత్నమే చాలునందామా? అదీ పూర్తిగా నిలవదు. గెలవాలన్న కోరిక లేకుండా ఎవరూ పోటీకి దిగరు. ప్రయత్నం చూపించి ఇంటి అద్దె కట్టలేం.

మరి మన చేతిలో ఉన్నదేమిటి? 2024 టూర్ చాంపియన్‌షిప్ మూడో రౌండులో, బంకర్‌లోంచి, అంటే ఇసుక గుంటలోంచి, కొట్టడానికి క్లబ్ వెనక్కి తీస్తున్నప్పుడు కొన్ని ఇసుక రేణువులు కదిలాయని తీగలకు అనిపించింది. తానే అధికారిని పిలిచి చెప్పాడు. అలా ఇసుకను తాకకూడదన్న నియమం ప్రకారం రెండు షాట్ల పెనాల్టీ పడింది. చివరికి రెండో స్థానానికి సరిగ్గా రెండు షాట్ల దూరంలో మూడోవాడిగా మిగిలాడు.

ఎవరూ అడగకపోయినా నిజం ఎందుకు చెప్పాలి? దేవుడు చూస్తున్నాడన్న భయం లేకపోతే నీతి నిలుస్తుందా అన్న చర్చ తెనాలి ప్రాంతానికి పాతదే. ఆవుల గోపాలకృష్ణమూర్తి వంటి మానవవాదులు నీతికి ఆధారాన్ని మనిషి వివేకంలోనే వెతికారు. విశ్వాసి దాన్ని అంతర్యామి మాట అనవచ్చు. ఇద్దరూ ఒప్పుకోగల కారణం ఒకటుంది: దొంగలెక్కతో వచ్చిన స్థానం మనం కోరుకున్న స్థానం కాదు. మనం కోరింది నిజంగా బాగా ఆడటం. అబద్ధం ఆ కోరికనే చంపేస్తుంది.

అయితే ఇక్కడ ఆగిపోకూడదు. మూడో స్థానంలోనూ కోట్లు వచ్చేవాడి నిజాయతీ, ‘కట్’ అంచున అప్పులతో ఆడేవాడి నిజాయతీ ఒకే ధరకు దొరకవు. ఇద్దరి మనస్సాక్షీ అడిగేది ఒకటే, రెండోవాడు చెల్లించేది మాత్రం ఎన్నో రెట్లు ఎక్కువ. కనుక లెక్క నిజంగా రాసుకున్న ఏడాది, కార్డు రాకపోయినా, మంచి ఏడాదే. కాని ఆ మాట ఓడినవాడికి చెప్పే అర్హత మనకు రావాలంటే, నిజం చెప్పినవాడు పస్తుండనక్కరలేని ఏర్పాటు కూడా మనమే చెయ్యాలి. మనస్సాక్షి ఒక్కడిది, దాని ఖర్చును అందరం పంచుకోవాలి.