నొప్పి గడిలో సున్నా

కోచ్‌కి రోజూ పంపే పరుగు షీటులో అన్నిటికంటే చివరి గడి 'నొప్పి'. దూరం, వేగం, గుండె లయ, ఇవన్నీ వాచీ దానంతటదే ఎక్కించేస్తుంది. నొప్పి మాత్రం మనమే వేయాలి, సున్నా నుంచి పది దాకా ఏదో ఒక అంకె. ఎడమ మోకాలి కింద ముందెముక మూడు వారాలుగా సలుపుతోంది. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటున్నాను. అయినా రోజూ సున్నా వేశాను. వేయమని ఎవరూ అనలేదు. సున్నా వేస్తే ఆ వరుస ఆకుపచ్చగా మారేది, అంతే.

నాలుగో వారం ఎమ్మారైలో ఆ ఎముక మీద వెంట్రుకవాసి పగులు కనపడింది. ఎనిమిది వారాలు పరుగు మానేయమన్నారు డాక్టరు. నలభై ఒక్కేళ్ల వయసులో, బ్యాంకు ఉద్యోగమూ ఇంటర్ చదివే కొడుకూ ఉన్న మనిషికి పరుగు లేకపోతే ఏం పోయిందని చాలామంది అడిగారు. రోజు మొత్తంలో నాదనిపించే గంట అదొక్కటే. అది పోయాక ఇంట్లో అందరి మీదా విసుక్కున్నాను.

అప్పటి కోచ్‌ని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. ఆయన వేరే ఊళ్లో ఉంటారు, ఫోన్లోనే నేర్పుతారు, శ్రద్ధగానే నేర్పుతారు. ఆయన నన్ను అడిగిన మొట్టమొదటి మాట, "టార్గెట్ ఎంత మేడమ్?" నాలుగు గంటల్లో మారథాన్ అన్నాను. అంటే కిలోమీటరుకి 5 నిమిషాల 41 సెకన్లు. ఆ అంకె దగ్గర మొదలుపెట్టి వెనక్కి లెక్క కట్టి పదహారు వారాల ప్రణాళిక పంపారు. మంగళవారం ఇంటర్వెల్స్, గురువారం టెంపో, ఆదివారం లాంగ్ రన్. అందులో లేనిదల్లా విశాఖ గాలి. మార్చి దాటితే ఇక్కడ తెల్లవారుజాము ఐదింటికే గాలి తడిగుడ్డలా ఒంటికి అంటుకుంటుంది. చెమట పడుతుంది గానీ ఆరదు, ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. అప్పుడు నెత్తురు చర్మం వైపు ఎక్కువగా మళ్లుతుంది, కాళ్లకు తక్కువైనది పూడ్చడానికి గుండె మరిన్నిసార్లు కొట్టుకోవాలి. చల్లటి ఊళ్లో హాయిగా సాగే వేగమే తెన్నేటి పార్కు ఎత్తు ఎక్కేసరికి పందెం పరుగైపోతుంది. ఇది నాకు తెలుసు. పుస్తకంలో చదవక ముందే ఒంటికి తెలుసు. ఆయనకు మాత్రం చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదన్నదే ఆ ఎనిమిది వారాలూ నన్ను తొలిచిన ప్రశ్న. గురువును ఎంచుకోవడం మనకు కొత్త పని అనుకుంటాను. చిన్నప్పుడు నన్ను సంగీతంలో చేర్చినప్పుడు అమ్మ పళ్లెంలో తాంబూలం పెట్టించి, టీచరు గారి కాళ్లకు దణ్ణం పెట్టించింది. ఆ దణ్ణంతో ఎంపిక పూర్తయిపోయింది, ఇక ఎదురుమాట ఉండదు. ఫోన్లో నెలనెలా డబ్బు పంపి నేర్చుకునే పరుగులోకీ నేను ఆ దణ్ణాన్నే మోసుకొచ్చాను. గురువు దగ్గర నొప్పి అంటే అది ఫిర్యాదులా వినిపిస్తుందని భయం.

కదలకుండా కూర్చున్న ఆ రోజుల్లో పరుగు చరిత్ర చదివాను. ఏ పద్ధతి సరైనదో తేల్చుకుంటే మనిషిని ఎంచుకోవడం సులువవుతుందనుకున్నాను. 1960 రోమ్ ఒలింపిక్స్ దగ్గర ఆ ఆశ తెగిపోయింది. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో ఆర్థర్ లిడియార్డ్ అనే ఆయన బూట్ల ఫ్యాక్టరీలో పనిచేస్తూ ఏళ్ల తరబడి తన ఒంటి మీదే ప్రయోగాలు చేసుకుని, వారానికి వంద మైళ్ల నిలకడైన పరుగే పునాది అని తేల్చుకున్నాడు. రెండు నిమిషాల్లోపు అయిపోయే 800 మీటర్ల పందేనికి సిద్ధమయ్యే పీటర్ స్నెల్‌ని కూడా వైయటారువా కొండల చుట్టూ 22 మైళ్లు పరిగెత్తించేవాడు. సెప్టెంబరు 2న ఒకే సాయంత్రం స్నెల్ 800లోనూ, మర్రీ హాల్‌బర్గ్ 5000లోనూ స్వర్ణాలు గెలిచారు. అవే ఒలింపిక్స్‌లో, నాలుగు రోజుల తర్వాత, ఆస్ట్రేలియా కుర్రాడు హెర్బ్ ఇలియట్ 1500 మీటర్లను 3 నిమిషాల 35.6 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డు పెట్టాడు. అతని గురువు పెర్సీ సెరుటీది పూర్తిగా వేరే దారి. పోర్ట్‌సీ సముద్రతీరంలో ఇసుక దిబ్బలు ఎక్కించేవాడు, గడియారం లెక్కలకు బానిస కావద్దనేవాడు, ఉడికించని ఓట్లు తినిపించేవాడు.

ఒకరిది ఓపికగా కట్టుకొచ్చే పునాది, ఇంకొకరిది ఆవేశం. ఇద్దరికీ పతకాలే. ఇక పతకాన్ని చూసి పద్ధతి ఏది నిజమో ఎలా చెప్పను? ఇలియట్‌లాంటి ఒళ్లున్నవాడు ఏ దారిలోనైనా ఎంతో దూరం వెళ్లేవాడేమో. గెలిచినవాళ్లను చూపించే గోడ ప్రతి కోచ్ దగ్గరా ఉంటుంది. ఆ దిబ్బల మీద కాలు దెబ్బతిని, మైళ్ల లెక్క తట్టుకోలేక ఇంటికి వెళ్లిపోయినవాళ్ల ఫొటోలు ఏ గోడ మీదా ఉండవు. నేను ఎవరిలో ఒకదాన్నో నాకు తెలుసు.

అసలు కోచ్ ఎందుకని కూడా ఆలోచించాను. ఎమిల్ జాటోపెక్ తన సాధన చాలావరకు తానే రూపొందించుకున్నాడు. 400 మీటర్ల పరుగులు ఒంటరిగా, లెక్కలేనన్నిసార్లు చేసి 1952 హెల్సింకిలో 5000, 10000, మారథాన్ మూడూ గెలిచాడు. ఆ మారథాన్ అతని జీవితంలో మొదటిది. కానీ జాటోపెక్ తన ఒంటితో తాను మాట్లాడుకోగలిగాడు. నేను నా నొప్పికి నేనే సున్నా వేసుకున్నదాన్ని.

లిడియార్డ్ కథలో నా మనసు పట్టింది మాత్రం పతకాల దగ్గర కాదు. రోమ్ తర్వాత ఆయన ఆక్లండ్‌లో గుండె జబ్బు వచ్చినవాళ్లను, పొట్టలు పెరిగిన నడివయసు వాళ్లను పరిగెత్తించడం మొదలుపెట్టాడు. మాట్లాడుకుంటూ, ఆయాసం రాకుండా, మెల్లగా. 1962లో అక్కడ జాగర్ల క్లబ్ పుట్టింది. అమెరికా కోచ్ బిల్ బవర్‌మన్ ఆక్లండ్ వచ్చినప్పుడు వాళ్లతో కలిసి పరిగెత్తి, తనకంటే ఎంతో పెద్దవాడైన ఒక గుండె రోగి వెనక పడిపోయాడు. తిరిగి వెళ్లి ఆ మెల్లటి పరుగును తన దేశానికి నేర్పాడు. ఒలింపిక్ విజేతకు చెప్పిన సూత్రాన్ని గుండెపోటు వచ్చిన మనిషి కొలతకు దించగలగడం నాకు స్నెల్ పతకం కంటే పెద్ద రుజువు.

కాలు బాగయ్యాక మా వీధిలోనే ఉండే రిటైరైన డ్రిల్లు మాస్టారి దగ్గరికి వెళ్లాను. జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ముప్పై ఏళ్లు పిల్లల్ని పరిగెత్తించారు. ఆయన్ని తలచుకుంటే నేను చదివిన ఇంకో గురువు గుర్తొచ్చాడు. కెన్యాలోని ఇటెన్‌కి 1976లో భూగోళం పాఠాలు చెప్పడానికి వచ్చిన ఐరిష్ బ్రదర్ కామ్ ఓకానెల్ పరుగు శాస్త్రం చదివినవాడు కాదు. పిల్లల్ని చూస్తూ చూస్తూ నేర్చుకున్నాడు, చివరికి డేవిడ్ రుడిషా లాంటి ఛాంపియన్‌ను తయారుచేశాడు. మాస్టారి పేరు మండలం దాటి ఎవరికీ తెలియకపోయినా, ఆయన కళ్లు ఆ జాతివే.

గోడ మీది గెలుపుల గురించి అడగలేదు. "మాస్టారూ, మీ దగ్గర నేర్చుకుంటూ మధ్యలో మానేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అన్నాను.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. వాళ్లావిడ టీ తెచ్చిపెట్టి వెళ్లారు.

"ఉన్నాడమ్మా ఒకడు. మత్స్యకారుల పిల్లాడు. అలాంటి కాళ్లు నేను మళ్లీ చూడలేదు. జిల్లా మీట్ ముందు డీలా పడ్డాడు. నాలుగు రోజులే ఉంది కదా, తట్టుకోరా అన్నాను. పరిగెత్తాడు, రెండో స్థానం వచ్చింది. ఆ తర్వాత గ్రౌండుకి రాలేదు. వాళ్ల నాన్నతో వేటకి పోతున్నాడని తెలిసింది. ఇంటికెళ్తే లోపల్నించి బయటికి రాలేదు." కప్పు కింద పెట్టారు. "వాడికి జ్వరమని తర్వాత తెలిసింది, వాడు నాతో చెప్పనే లేదు. చెప్తే ఏమంటానో వాడికి తెలుసు."

అప్పుడే నిర్ణయించుకున్నాను. ఆయన పద్ధతి ఏమిటో ఇంకా అడగనే లేదు. తర్వాత తెలిసింది, పద్ధతి పెద్దగా ఏమీ లేదని. వారంలో ఎక్కువ రోజులు మాట్లాడగలిగినంత మెల్లగా పరిగెత్తాలి, ఒక రోజు ఎత్తు ఎక్కాలి, ఒక రోజు కాస్త గట్టిగా. దానికి లిడియార్డ్ పేరు పెట్టినా పెట్టకపోయినా ఒకటే. నాలుగు గంటల సంగతి మేం ఇంకా ఎత్తలేదు.

మొన్న ఆదివారం ఋషికొండ దాకా వెళ్లి రావాలి. ఐదింటికి ఆర్కే బీచ్ దగ్గర స్కూటర్ ఆపుకుని, నీళ్ల సీసాలతో నిలబడి ఉన్నారు మాస్టారు.

"నిద్ర పట్టిందామ్మా?"

పట్టింది అని నోటి దాకా వచ్చింది. ఆడిట్ పనితో రెండింటి దాకా మేలుకునే ఉన్నాను.

"లేదు మాస్టారూ. కాలు కూడా కొంచెం లాగుతోంది."

"ఏ కాలు?"

"ఎడమదే. పదికి మూడు ఉంటుంది."

వంగి, బొటనవేలితో ఆ ఎముక వెంట నొక్కుకుంటూ వచ్చారు. తర్వాత సీసాలు డిక్కీలో పెట్టేసి స్కూటర్ స్టార్ట్ చేశారు.

"ఎక్కమ్మా, ఇంటి దగ్గర దింపేస్తాను."

మా పక్క నుంచి కుర్రాళ్ల గుంపొకటి నవ్వుకుంటూ పరిగెత్తి పోయింది. ఇంటికొచ్చి, కర్టెన్లు వేసుకుని, తొమ్మిదింటి దాకా పడుకున్నాను.