ఊడ్చే ముందు

మొన్న మా ఇంటికొచ్చిన అక్క కూతురు అర్ధరాత్రయినా కంప్యూటరు ముందునుంచి లేవలేదు. సాఫ్ట్‌వేరు ఉద్యోగం మరి! "ఇంకా ఏం పనే?" అంటే "చెత్త ఎంతసేపు ఊడుస్తోందో చూస్తున్నా పిన్నీ" అంది. బి.ఏ. చదివిన నా బుర్రకి అందేలా చెప్పమన్నాను.

ప్రోగ్రాము పనిచేస్తూ మెమరీలో ఏవేవో పేర్చుకుంటుందట. జావా లాంటి భాషల్లో పనయిపోయినవాటిని అదే ఊడ్చేసుకుంటుంది. ఈ ఉపాయం 1959లో జాన్ మెకార్థీ లిస్ప్ అనే భాష కోసం కనిపెట్టాడు. కాని 1960లో అచ్చయిన తన వ్యాసంలో 'గార్బేజ్ కలెక్షన్' అన్న మాట వాడలేదు. తనే జంకాడో, ప్రయోగశాలలో వ్యాకరణం దిద్దే ఆడవాళ్ళు ఒప్పుకోలేదో అని తరవాత ఆయనే సరదాగా రాసుకున్నాడు. ఆ ఆడవాళ్ళ మీద నాకెందుకో అభిమానం కలిగింది.

ఊడ్చేటప్పుడు ఒక్కోసారి మిగతా పనంతా ఆగిపోతుంది. చీపురు పట్టుకుని మనం "కాళ్ళు పైకి పెట్టుకోండి" అంటామే, అలాగన్నమాట. చోటు ఇరుకైతే మాటిమాటికీ ఊడవాలి. విశాలమైతే ఎప్పుడో ఒకసారి చాలు, కాని అప్పుడు చాలాసేపు ఆగాల్సి రావచ్చు. ఈ పాళ్ళు కుదర్చడమే మా పిల్ల పని. ఊడ్చిన ప్రతిసారీ మిగిలేది పెరుగుతూ పోతోందంటే, అక్కర్లేనిదాన్ని ఎవరో వదలకుండా పట్టుకున్నారేమోనని వెతకాలిట. (నా బీరువా వైపు చూస్తూ చెప్పింది!)

"ఏది చెత్తో దానికెలా తెలుస్తుందే?"

"పనికొస్తుందా లేదా అని చూడదు పిన్నీ. నడుస్తున్న పని దగ్గర మొదలుపెట్టి దారం పట్టుకుని వెడుతుంది. అందినవి ఉంటాయి, అందనివి పోతాయి."

ఎంత మర్యాద! మనం మనుషుల్ని సైతం పనికొస్తారా అనే కదా చూస్తాం.

"మరి రెండు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటే?"

"బయటినుంచి దారం లేకపోతే రెండూ పోతాయి."

నా మనసు చివుక్కుమంది. తెనాలి దగ్గర పల్లెలో మా మావయ్యా అత్తయ్యా ఉన్నారు. పిల్లల్లేరు. ఆయనకి చూపు ఆనదు, ఆవిడకి వినపడదు. తలుపు చప్పుడైతే ఆయన ఆవిడ చెయ్యి తడతారు. ఆవిడ లేచి వెళ్ళి ఎవరో చూసి చెబుతుంది. యంత్రం ధర్మం యంత్రానిది, దాన్నేం అంటాం? కాని "వాళ్ళకేం, ఒకరికొకరున్నారు" అని మా బంధువులందరం ఎన్నేళ్ళుగా అనుకుంటున్నాం! మీరూ ఎవరి గురించో అనుకునే ఉంటారు. అనుకున్నాక ఎంత నిశ్చింత! ఆ ఇంటికి వెళ్ళి ఎన్నాళ్ళయిందో ఎవరూ అడగరు. నేనే మూడు సంక్రాంతులు దాటేశాను.

"ఆదివారం నీకు సెలవేనా?" అని అడిగాను.

"సెలవే. ఏం?"

"తెనాలి వెళ్ళొద్దాం."