మోదుగుపువ్వుకు వాసన లేకపోతేనేం?

సంస్కృతం నేర్చుకునే పిల్లలకు తొలినాళ్లలోనే చెప్పే సుభాషితం ఒకటుంది. గొప్ప వంశంలో పుట్టి, రూపమూ యౌవనమూ ఉన్నా, చదువు లేనివాళ్లు వాసన లేని మోదుగుపూల లాగా రాణించరని దాని భావం. ఇది ఎంత లోతుగా నాటుకుపోయిందంటే, కింశుకం అనగానే పైమెరుగే తప్ప లోపల సరుకు లేనిదన్న ముద్ర చదువుకున్నవాళ్ల మనసులో పడిపోయింది. వసంతంలో పూసే పూలలో ఇంత అన్యాయం మరే పువ్వుకూ జరగలేదనిపిస్తుంది. పువ్వుకు మనం కట్టిన అర్థం ఒప్పో తప్పో తేల్చే దారి ఉందా, లేక ఎవరి ఇష్టం వాళ్లదేనా? దారి ఉందనే నా వాదన. చూసినవాడు ఎంత దగ్గర నుంచి, ఎన్నాళ్లు చూశాడన్నదే అందుకు కొలత.

ముందు పువ్వును చూద్దాం. చలి తగ్గి ఎండ ముదురుతున్న రోజుల్లో మోదుగ ఆకు రాల్చి మోడై నిలబడుతుంది. ఆ మోడు కొమ్మల మీదే, చిగురు రాకముందే, గుత్తులు గుత్తులుగా పూస్తుంది. ఒక పువ్వు అరచేతిలో పెట్టుకుంటే, అడుగున ముఖమల్ గుడ్డ లాంటి నల్లటి గిన్నె, అందులోంచి సన్నని నూగుతో కాషాయం కలిసిన ఎర్రటి రేకులు. వాటిలో ఒకటి అచ్చం చిలకముక్కులా వంగి, కొనదేలి ఉంటుంది. ఇది చిలకా ఏమిటి అనిపించే ఆ వంపు వల్లే కింశుకమన్న పేరు వచ్చిందంటారు. వాసన లేదు, నిజమే. దానికి ఆ అవసరమూ లేదు. పూలు పరిమళించేది మన కోసం కాదు. మల్లె సాయంత్రం విచ్చి రాత్రి తిరిగే పురుగులను పిలుస్తుంది, చీకట్లో వాటికి దారి చూపేది వాసనే. మోదుగ పిలిచేది పిట్టలను. వాటికి వాసన కన్నా చూపు మీద ఆధారం ఎక్కువ. అందుకే దూరానికి కనబడే రంగునూ, రేకుల అడుగున తేనెనూ అది సిద్ధంగా ఉంచుకుంటుంది. ఆకులు అడ్డం లేని కొమ్మ మీద తేనెపిట్ట వాలి ముక్కు దూర్చగానే పుప్పొడి దానికి అంటుకుంటుంది. సుభాషితం చెప్పినాయన ముక్కు అబద్ధం చెప్పలేదు. ఆయన ఇచ్చిన తీర్పే తప్పు. మల్లెను కొలిచే తూకంతో మోదుగను కొలిచాడు.

కవులు ఇంకాస్త దగ్గరికి వెళ్లారు. అయోధ్యకాండలో చిత్రకూటానికి నడుస్తూ రాముడు సీతకు పూసిన మోదుగలను చూపిస్తాడు. శిశిరం వెళ్లగానే తమ పూలనే దండలుగా వేసుకుని, మంటలు రేగినట్టున్నాయంటాడు. రాజ్యం పోయి అడవిదారి పట్టినవాడు భార్యతో పంచుకున్న సంబరమది. అదే వాల్మీకి యుద్ధకాండలో, ఇంద్రజిత్తు బాణాలకు ఒళ్లంతా నెత్తురైన రామలక్ష్మణులను పూసిన మోదుగలతో పోల్చాడు. కాళిదాసు కుమారసంభవం 3వ సర్గలో, ఇంకా విచ్చని మొగ్గలు నెలవంకల్లా వంగి, వనభూమి మీద వసంతుడు చేసిన గోటిగుర్తుల్లా ఉన్నాయన్నాడు. మన కాలంలో దాశరథి రంగాచార్య తెలంగాణ సాయుధ పోరాటం చుట్టూ రాసిన నవలకు ‘మోదుగుపూలు’ అని పేరు పెట్టారు. సంబరం, గాయం, వలపు, తిరుగుబాటు అన్నీ ఒకే పువ్వులో ఇమిడాయంటే, పువ్వుకంటూ అర్థమే లేదని, ఎవరికి తోచింది వాళ్లు అంటగట్టారని ఎవరైనా అనవచ్చు. కానీ ఈ నాలుగూ గాలిలోంచి ఊడిపడలేదు. గాయానికి ఆ ఎరుపు కావాలి, గోటిగుర్తుకు ఆ వంపు కావాలి, తిరుగుబాటుకు ఆకు రాలిన కొమ్మ ఒక్కసారిగా భగ్గుమనడం కావాలి. నలుగురి కంటా పడకుండా ఒదిగి ఉండే వినయానికి మోదుగను గుర్తుగా పెడితే ఏ చదువరీ ఒప్పుకోడు. అంటే, అర్థం కట్టే స్వేచ్ఛ మనదే అయినా కాదనే హక్కు పువ్వుకు ఉంది.

ఈ ప్రశ్నను బౌద్ధులు సరిగ్గా ఈ చెట్టు దగ్గరే నిలబడి అడిగారు. జాతక కథల్లో 248వది కింశుకోపమ జాతకం. కాశీరాజు కొడుకులు నలుగురు మోదుగను చూపించమని సారథిని అడుగుతారు. అతడు ఒక్కొక్కరిని ఒక్కో కాలంలో తీసుకెళ్తాడు. మోడు మీద మొగ్గలు పొడుచుకొస్తున్నప్పుడు చూసినవాడు కాలిన మొద్దులా ఉందంటాడు, ఆకులు నిండినప్పుడు చూసినవాడు మర్రిలా ఉందంటాడు, పూసినప్పుడు చూసినవాడు మాంసం ముద్ద అంటాడు, కాయలు కాసినప్పుడు చూసినవాడు దిరిసెనలా ఉందంటాడు. నలుగురూ చూశారు, ఎవరూ అబద్ధమాడలేదు. మిగతా కాలాల్లో చెట్టు ఎలా ఉంటుందో సారథిని అడగకపోవడమే వాళ్ల తప్పు. ఒకసారి కంటపడిన దాన్నే మొత్తమనుకోవడం ఎలా మొదలవుతుందో ఇంత సూటిగా చూపించిన కథ అరుదు. వాసన లేదని తేల్చేసిన సుభాషితకారుడు ఆ వరసలో అయిదోవాడు. తేడా ఏమిటంటే, ఆ నలుగురూ ఉన్నది చెప్పారు, ఈయన లేనిది చెప్పాడు.

ఆ సుభాషితం వృక్షశాస్త్రం కాదు కదా, పిల్లలకు చదువు విలువ చెప్పడానికి ఒక పోలిక, దాని మీద ఇంత తగువెందుకని అడగవచ్చు. ఆ మాటలో న్యాయముంది. పైగా అది వెక్కిరించింది పేదలను కాదు, పుట్టుకా రూపమూ చూసుకుని మురిసేవాళ్లను. కానీ దానికి గురుతుగా ఎంచుకున్న చెట్టు ఏదో చూడండి. నవగ్రహ హోమంలో చంద్రుడికి వేసే సమిధ మోదుగే. పూజకు వాసన లేని పూలు తగవనే ఆచారం ఒకటి ఉన్నా, గీత 9వ అధ్యాయం 26వ శ్లోకంలో కృష్ణుడు ఏ పువ్వో చెప్పలేదు, పరిమళం ఊసే ఎత్తలేదు, భక్తి ఉంటే చాలన్నాడు. తెలంగాణ పల్లెల్లో కాముని పున్నమికి ఈ పూలు ఉడకబెట్టి రంగు తీసిన చేతులకు దీని గుణం గురించి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. మూడేసి చొప్పున వచ్చే దీని ఆకులను పుల్లలతో కుట్టి విస్తళ్లు చేసి అమ్ముకున్న ఆడవాళ్లకూ అంతే. ఇక ఒడుగు చేసినప్పుడు వటువు చేతికి ఇచ్చే దండం సంగతి. బ్రాహ్మణ వటువుకు మారేడు గానీ మోదుగ గానీ ఉండాలని మనుస్మృతి 2వ అధ్యాయం చెబుతుంది. ఆ మోదుగ కర్ర పట్టుకునే పిల్లవాడు చదువులో అడుగుపెట్టాడు. మోదుగాకు విస్తట్లో అన్నం తిన్నాడు. ఆ పైన కూర్చుని, చదువు లేనివాడు మోదుగుపువ్వు లాంటివాడని వల్లె వేశాడు.