న్యాయపక్షమునకు అబద్ధసాక్ష్యము

1995 అక్టోబరు 16వ తేదీన అమెరికా రాజధానియగు వాషింగ్టనులో లక్షలాది నల్లజాతి పురుషులు సమావేశమైరి. ఆ సభను పిలిచిన లూయీ ఫరఖాన్ తన దీర్ఘోపన్యాసములో ఒక పాత ప్రసంగమును ప్రస్తావించెను. 1712వ సంవత్సరమున విల్లీ లించ్ అను తెల్లదొర యొకడు వెస్టిండీసు దీవులనుండి వర్జీనియాకు వచ్చి, జేమ్సు నది యొడ్డున బానిసల యజమానులను చేర్చి, బానిసలు ఎన్నటికిని ఏకము కాకుండ చేయు ఉపాయమును వారికి బోధించెనని ఆ కథ. యౌవనులను వృద్ధులకు, స్త్రీలను పురుషులకు, చామనచాయ గలవారిని నల్లనివారికి విరోధముగా నిలుపవలెననియు, ఈ పద్ధతి వందలాది సంవత్సరములు తనంతట తానే పనిచేయుననియు అతడు చెప్పెనట. వినినవారి హృదయములు మండెను. తమ అనైక్యతకు మూలకారణము ఇన్నాళ్లకు దొరికెనని అనేకులకు తోచెను.

అట్టి ప్రసంగము ఎన్నడును జరుగలేదు. ఆ పేరుగల దొర అట్లు బోధించినట్లు ఆ కాలపు లిఖితములలో ఎక్కడను లేదు. దాని భాషయే దాని గుట్టును బయటపెట్టుచున్నది. యంత్రములో ఇంధనమును మరల నింపుటకు ఇంగ్లీషువారు వాడు మాట అందులో కలదు. మూర్ఖుని చేతిలోనైనను చెడిపోనిది అను అర్థముగల మరియొక మాట కలదు. రెండును మోటారు యుగపు మాటలు. 1712లోని మనిషి నోట అవి పలుకుట, శ్రీనాథుని పద్యములో రైలుబండి కూత వినవచ్చుట వంటిది. 1440లో లొరెంజో వల్లా, కాన్‌స్టంటైన్ చక్రవర్తి రోము అధ్యక్షునకు వ్రాసి యిచ్చెనను దానపత్రమును ఈ విధముగానే పరీక్షించి, అందలి లాటిను భాష ఆ చక్రవర్తి కాలపుది కాదని చూపి, అది కూటపత్రమని తేల్చెను. ఆ గ్రంథమును 1520లో లూథరు చదివెను. పదములను ప్రశ్నించుట ప్రొటెస్టెంటు సంఘములకు క్రొత్త విద్య కాదు.

ఇచ్చట ఒక ఆక్షేపణ పుట్టును, అది తేలికయైనది కాదు. బానిసత్వము జరిగినది నిజము. కుటుంబములను చీల్చి అమ్మినది నిజము. కొరడాలు నిజము. ఇంత నిజము ఉండగా ఒక ప్రసంగము కల్పితమైన నేమి? పైగా ఆ జనులకు పేర్లు, పుట్టిన తేదీలు, చదువు దక్కకుండ చేసినవారి సంతతివారే నేడు మీ ఆధారపత్రము ఏదియని అడుగుట దొంగయే రసీదు అడిగినట్లుండదా? అణచబడిన జనము కథగా చెప్పుకొనునది అక్షరాల చరిత్ర కాకపోయినను, దాని సారము సత్యమే గదా?

మొదట లేఖనములను చూడుడు. దీనుని వ్యాజ్యెములో న్యాయము విడిచి తీర్పు తీర్చవద్దని నిర్గమకాండము ఇరువదిమూడవ అధ్యాయము ఆరవ వచనము కట్టడ చేయుచున్నది. ఇది మనకు బాగుగా తెలిసినదే. అయితే అదే అధ్యాయములో, దానికి మూడు వచనముల ముందుగా, బీదవాడు గదా అని వాని వ్యాజ్యెములో పక్షపాతము చూపవద్దను ఆజ్ఞయు కలదు. ప్రవక్తలను ప్రేమించువారికి ఈ వచనము రుచింపదు. అనేకులు దానిని త్వరగా దాటిపోవుదురు. కాని ఐగుప్తులో నాలుగు వందల సంవత్సరములు దాస్యము చేసి, వీపు మీద దెబ్బలు మానకముందే సీనాయి యొద్ద నిలిచిన జనమునకు ఈ ఆజ్ఞ ఇయ్యబడెనని జ్ఞాపకముంచుకొనవలెను. బానిసత్వము ఎరుగని న్యాయాధిపతులకు కాదు, నిన్నటి బానిసలకే దేవుడు దీనిని చెప్పెను. యోబు తన స్నేహితులను అడిగిన ప్రశ్నయు ఇట్టిదే: దేవుని పక్షమున వాదించుటకు మీకు మోసపు మాటలు కావలసివచ్చెనా అని పదుమూడవ అధ్యాయములో అతడు నిలదీయును. ఆ స్నేహితులు చెడ్డవారు కారు, దేవుని గౌరవము కొరకే మాటలాడిరి.

ఈ కూటప్రసంగము చేయు కీడు, విరోధులకు నవ్వు పుట్టించుట మాత్రమే కాదు. అసలైన నేరస్థులను అది విడిపించును. వర్జీనియాలో నిజముగా జరిగిన దానిని చూడుడు. 1662లో ఆ వలసరాజ్యపు శాసనసభ, బిడ్డ దాసుడా స్వతంత్రుడా అనునది తల్లి స్థితిని బట్టి నిర్ణయింపబడునని చట్టము చేసెను. అనగా యజమానుడు తన దాసియందు కనిన బిడ్డయు అతని ఆస్తియే. 1667లో అదే సభ మరియొక చట్టము చేసెను: బాప్తిస్మము పొందినంత మాత్రమున ఎవని దాస్యమును తొలగిపోదు. దానికి వారు చెప్పిన కారణము, ఈ సందేహము తీరినయెడల యజమానులు తమ బానిసలకు మరింత ధారాళముగా క్రైస్తవమతమును బోధింతురని. ఈ చట్టము చేసినవారు ఆదివారమున దేవాలయములో మోకరించువారే, ప్రభురాత్రి భోజనములో పాలుపొందువారే. నది యొడ్డున నిలిచి రహస్యము చెప్పిన కపటి ఒక్కడును వారికి అవసరము కాలేదు. ఒక కమిటీ, ఒక తీర్మానము, ఒక ముద్ర చాలెను. కల్పితుడైన విల్లీ లించ్‌ను ద్వేషించుట సులభము, అతడు ఎవరికిని తాత కాడు. 1667లోని సభ్యులు నిజమైన మనుష్యులు. వారి చట్టమును చదువు క్రైస్తవుడు తన బాప్తిస్మమును గూర్చియు ఆలోచింపక తప్పదు.

రెండవ వైపు అబద్ధములు ఇంతకంటె తక్కువవి కావు, వానికి అధికారపీఠముల బలము కూడ కలదు. 2011 జనవరిలో అయోవా రాష్ట్రమున మాటలాడిన కాంగ్రెసు సభ్యురాలు మిషెల్ బాక్‌మన్, అమెరికా రాజ్యాంగపత్రములను వ్రాసిన పితరులే బానిసత్వము అంతరించువరకు విశ్రాంతి లేక పాటుపడిరని చెప్పి, జాన్ క్విన్సీ ఆడమ్సును ఉదాహరించెను. ఆడమ్సు పోరాటము నిజమే. బానిసత్వమునకు విరోధమైన విన్నపములను సభలో విననియ్యని నిబంధనతో అతడు 1836 మొదలు 1844 వరకు పెనుగులాడెను. అయితే 1776లో అతడు తొమ్మిదేండ్లైనను నిండని బాలుడు. అతడు 1848లో మరణించెను. బానిసత్వమును నిషేధించిన పదమూడవ సవరణ 1865లో వచ్చెను. పితరులైన వాషింగ్టను, జెఫర్‌సన్, మాడిసన్ బానిసల యజమానులు. వాషింగ్టను మరణశాసనము తన బానిసల విడుదలకు ఏర్పాటు చేసెను. జెఫర్‌సన్ తన జీవితకాలములో తన క్రింద ఉన్న ఆరు వందలకు పైబడిన వారిలో కొద్దిమందిని తప్ప విడువలేదు.

బ్రిటిషువారి సంగతి మన దేశమునకు మరింత దగ్గర. 2018 ఫిబ్రవరిలో బ్రిటను ఆర్థికశాఖ ట్విట్టరులో ఒక ప్రకటన చేసెను. 1833లో రెండు కోట్ల పౌండ్లు వెచ్చించి సామ్రాజ్యములోని బానిసలందరికి స్వేచ్ఛ కొన్నామనియు, ఆ అప్పు 2015లో గాని తీరలేదనియు, కనుక నేడు జీవించి యున్న పౌరులును బానిసవ్యాపారమును అంతము చేయుటకు పన్నులు కట్టినవారే యనియు దాని భావము. విమర్శలు రాగా దానిని తొలగించిరి. ఆ రెండు కోట్లలో ఒక్క పౌండైనను బానిసకు ముట్టలేదు. అంతయు యజమానులకు నష్టపరిహారముగా పోయెను. బానిసవ్యాపారము నిషేధింపబడినది 1807లో. 1833 చట్టము బానిసత్వమును గూర్చినది. ఇక సామ్రాజ్యములోని అందరికి అను మాట మరి దారుణము. ఈస్టిండియా కంపెనీ యేలిన ప్రదేశములను ఆ చట్టము పేరుపెట్టి మినహాయించెను. హిందూదేశములో బానిసపై యజమాని హక్కును న్యాయస్థానములు గుర్తింపరాదను చట్టము 1843లో వచ్చెను. బానిసను కొనుటయు అమ్ముటయు నేరముగా ఎంచబడినది 1860 నాటి శిక్షాస్మృతితో. ఇంగ్లండు వేదికలమీద 1833 అను మాట వినబడినప్పుడు మన పల్లెల పాలేరు ఆ లెక్కలో లేడు.

ఉదారుల పొరపాటు ఒకటి కూడ చెప్పవలసియున్నది, ఏలయనగా అది మేలైన ఉద్దేశముతో వేలసార్లు పలుకబడినది. అమెరికా రాజ్యాంగము నల్లవానిని అయిదింట మూడు వంతుల మనిషిగా ఎంచెనని ఉపన్యాసకులు చెప్పుదురు. 1787లోని ఆ నిబంధన ప్రతినిధుల సంఖ్యను నిర్ణయించుటకు చేసిన జనాభా లెక్క. స్వతంత్రుడైన నల్లవాడు అందులో పూర్ణ సంఖ్యగానే లెక్కింపబడెను. బానిసను నిండు మనిషిగా లెక్కించుమని పట్టుపట్టినవారు బానిసల యజమానులే. ఆ లెక్కవలన సభలో స్థానములు వారికే పెరుగును గదా. అసలు లెక్కింపవద్దనినవారు ఉత్తరదేశస్థులు. కనుక ఆ భిన్నము పెద్దదైన కొలది అన్యాయము పెద్దదయ్యెడిది. నోరులేని మనుష్యుల తలలను లెక్కించి, వారిని బంధించిన చేతికే ఆ బలమును ఇచ్చుట ఏ నినాదమునకంటెను భయంకరమైనది. అయితే ఈ సంగతి వివరించుటకు అయిదు నిమిషములు పట్టును, చప్పట్లు రావు.

బాధితుని యొద్ద ఆధారము అడుగుట క్రూరమను ఆక్షేపణకు ఫ్రెడరిక్ డగ్లసు జీవితమే తగిన ఉత్తరము. అతడు బానిసగా పుట్టి 1838లో పారిపోయెను. తన పుట్టిన తేదీ అతనికి తెలియదు. అతని వాగ్ధాటిని విని, ఇతడు బానిసయై యుండుట అసంభవమని కొందరు అనుమానించిరి. 1845లో అతడు తన జీవితకథను అచ్చు వేయించినప్పుడు యజమానుల పేర్లు, తోటల పేర్లు, ఊళ్ల పేర్లు దాచక వ్రాసెను. చట్టప్రకారము అతడు ఇంకను పరుల ఆస్తియే. ఆ పేర్లవలన పట్టుబడు అపాయము కలిగి సముద్రము దాటి బ్రిటను వెళ్లవలసివచ్చెను. ఆ ప్రాంతపువాడొకడు పుస్తకమును ఖండించుచు పత్రికకు వ్రాసి, అందు పేర్కొనబడిన దొరలందరును తనకు తెలిసిన మర్యాదస్థులనెను. డగ్లసు అతనికి కృతజ్ఞత చెప్పెను: ఆ మనుష్యులు నిజముగా ఉన్నారని శత్రువే సాక్ష్యమిచ్చెను గదా!

అంతటితో ఆగలేదు. 1848లో డగ్లసు తన పూర్వపు యజమానుడైన థామస్ ఆల్డ్‌కు బహిరంగలేఖ వ్రాసి, వృద్ధురాలైన తన అవ్వను ముసలి గుఱ్ఱమువలె అడవిలో చావ విడిచితివని నిందించెను. ఆ నింద విన్నవారిని ఏడిపించునది. సభలలో అంతకంటె పదునైన ఆయుధము లేదు. తరువాత అతనికి నిజము తెలిసెను. ఆల్డ్ ఆ వృద్ధురాలిని తన ఇంటికి తెచ్చి పోషించెను. 1849 సెప్టెంబరులో డగ్లసు రెండవ లేఖను తన పత్రికలోనే ప్రచురించి, ఆ విషయములో ఆల్డ్‌కు అన్యాయము చేసితినని ఒప్పుకొనెను. తనను కొరడాతో కొట్టిన మనిషికి, తనను జంతువువలె లెక్కించిన మనిషికి! బానిసత్వము మీది అతని నేరారోపణ ఆ లేఖవలన అణుమాత్రమును తగ్గలేదు.

మన భాషలోని ఒక మాటను గూర్చి కూడ కొంచెము చెప్పవలెను. పౌలు వాడిన గ్రీకు పదమునకు బానిసయనియే అర్థము; సంతలో అమ్ముడుపోవు మనిషి. ఇంగ్లీషు రాజప్రతిలో అది తరచుగా సేవకుడయ్యెను. తెలుగులో దాసుడయ్యెను. దాసుడనగా రామదాసు, క్రీస్తుదాసు. ఆ పదములో తంబురా నాదమున్నది గాని సంకెల చప్పుడు లేదు. అది తప్పు తర్జుమా అనుటకు వీలులేదు, భక్తిసాహిత్యమంతయు దానితో అల్లుకొనిపోయినది. అయినను ఫిలేమోనుకు వ్రాసిన పత్రికను చదువుచు ఒనేసిము మెడలో ఏమున్నదో చూడనివాడు, ఆ పత్రికను అడ్డము పెట్టుకొని పారిపోయిన బానిసలను తిరిగి అప్పగించిన అమెరికా బోధకుల పాపమును గ్రహింపలేడు. ఇంతకు మించినదియు జరిగెను. 1807లో వెస్టిండీసు బానిసల కొరకు లండనులో అచ్చైన బైబిలు సంక్షేపములో ఇశ్రాయేలీయులు ఐగుప్తునుండి విడుదల పొందిన కథయే లేదు. అందులో అబద్ధమైన వాక్యము ఒక్కటియు లేదు, విడిచిపెట్టినది తప్ప.

తెలుగు సంఘముల వార్షికోత్సవములలో మిషనరీ పితరులను కొనియాడుట ఆచారము, అది యుక్తమే. అమెరికన్ బాప్తిస్టు మిషను పంపగా శామ్యూలు డే 1836లో మన దేశమునకు వచ్చెను; 1840లో అతడు నెల్లూరు చేరెను. బానిసలను విడిపించిన దేశపువారు మనలను వెదకుచు వచ్చిరని వేదికమీద చెప్పువారు కలరు. డేను పంపిన ఆ మహాసభకు 1814లో మొదటి అధ్యక్షుడైనవాడు దక్షిణ కరొలైనాకు చెందిన రిచర్డ్ ఫర్మన్. అతడు బానిసల యజమానుడు. బానిసత్వము లేఖనసమ్మతమని 1822లో తన రాష్ట్ర గవర్నరుకు విన్నపము వ్రాసి మరుసటి యేట అచ్చు వేయించినవాడు. ఆ మహాసభ పెట్టెలో ఉత్తరదేశపు కానుకలతోపాటు దక్షిణదేశపు కానుకలును పడెను, ప్రత్తి పొలముల సొమ్ము అందులో ఉండెను. బానిసల యజమానుని మిషనరీగా నియమింపజాలమని 1844 డిసెంబరులో బోర్డు చెప్పిన మీదట, 1845లో దక్షిణదేశపు సంఘములు వేరై పోయెను. ఆ చీలికలో బానిసత్వమునకు గల పాత్రను ఒప్పుకొని వారి సమాఖ్య క్షమాపణ కోరుటకు 1995 జూను వరకు పట్టెను. వాషింగ్టను సభకు నాలుగు నెలల ముందు.

నెల్లూరులో మొదట పంచబడిన సువార్త పుస్తకముల ఖర్చులో ఏ భాగము ఎవరి చెమటనుండి వచ్చినదో ఇప్పుడు లెక్క తేల్చుట సాధ్యము కాదు. డే నిందితుడు కాడు, అతని ప్రయాస అబద్ధము కాదు. కాని నెల్లూరు చరిత్రను చెప్పు ప్రసంగికుడు 1836తో ఆరంభించినప్పుడు, వినువారిలో ఒక యౌవనుడు లేచి, అయ్యగారూ, ఆ కానుకలు ఎక్కడివి అని అడిగినయెడల, ఆయన యొద్ద ఫర్మన్ పేరు సిద్ధముగా ఉండవలెను.