పాచికలు రాసిన నుదుటి రాత

నుదుటి రాత బ్రహ్మ రాస్తాడంటారు మనవాళ్ళు. ఆ రాతని మనుషులే పాచికలు దొర్లించి రాసుకునే ఆట ఒకటుంది. పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి తయారుచేసి వెలువరించారు. బల్ల చుట్టూ నలుగురు కూర్చుని, తలా ఒక పాత్ర అయిపోయి, కథ నడుపుకుంటూ ఆడతారు.

పాత్ర అన్నాక గుణాలుండాలి గదా! బలం, తెలివి, వివేకం, ఒంటి గట్టిదనం, చురుకుదనం, ఆకర్షణ - మొత్తం ఆరు. మొదట్లో ఒక్కోదానికి మూడు పాచికలు వేసేవారు. చుక్కలు కలిపితే 3 నుంచి 18 దాకా ఎంతైనా రావచ్చు. పడిందే రాత. తెలివినీ వివేకాన్నీ వేరు చేసి లెక్కగట్టారు చూశారా? ఆ రెండూ ఒకటి కావని మనకి మాత్రం తెలియదూ!

పాచికకి పక్షపాతం లేదు. అదంతా నియమం రాసే చేతిలోనే ఉంది. ఈ ఆటకే 1978లో వచ్చిన పుస్తకంలో, పాచికలు ఎంత బాగా పడినా సరే, స్త్రీ పాత్ర బలం పురుషుడి పైమెట్టుని అందుకోకూడదని గిరి గీశారు. 1989 కూర్పులో గాని ఆ గీత చెరగలేదు. నిప్పులు కక్కే డ్రాగన్లని నమ్మినవాళ్ళకి బలమైన ఆడమనిషి నమ్మశక్యం కాలేదు కాబోలు!

అదే 1978లో రూన్‌క్వెస్ట్ అనే మరో ఆట వచ్చింది. పుట్టుగుణాలకి అక్కడా పాచికలే. కాని కత్తి తిప్పడం, ఎత్తులెక్కడం లాంటి విద్యలకి నూటికి ఇంత అని లెక్క ఉంటుంది. కథలో ఏ విద్యని వాడి నెగ్గితే దాని పక్కన గుర్తు పెట్టుకుంటారు. తర్వాత పాచికలు వేసి, అది పెరిగిందో లేదో చూస్తారు. తమాషా ఏమిటంటే, తక్కువ వచ్చినవాళ్ళకే పెరిగే అవకాశం ఎక్కువ.

మన ఇళ్ళ సంగతి చూడండి. "దానికి లెక్కలు రావు", "వాడికి వంటేం తెలుసు?" అని పిల్లలకి చిన్నప్పుడే అంకెలు వేసేస్తాం. బ్యాంకు పనులన్నీ ఆయనే చూసుకునే ఇంట్లో ఇల్లాలికి చెక్కు రాయడం రాదంటే, అది ఆవిడ తెలివికి కొలతా, చేతికందని అవకాశానికి కొలతా?

పుట్టుకతో తేడాలు లేవని కాదు. కాని గుర్తు పడాలంటే ఒక్కసారైనా నెగ్గాలి. నెగ్గాలంటే నాలుగుసార్లు ఓడే వీలుండాలి. కూర నాలుగుసార్లు మాడుతుంది. మాడనివ్వాలి. ఆ మాత్రం ఓపిక లేకుండా "చేతకాదు" అనేస్తే, ఆ రాత బ్రహ్మది కాదు, మనదే.